తెరేజమ్మగారి జబ్బు పేరు



చిన్న తెరేజమ్మగారి పటం లేని కతోలిక ఇల్లు మన విచారణల్లో అరుదు. గోధుమరంగు అంగీ, తెల్లని పైవస్త్రం, చేతిలో సిలువ, సిలువ నిండా గులాబీలు. ఏటా అక్టోబరు 1న ఆమె పండుగ చేసుకుంటాం. మన ఆడపిల్లలకు ఆమె పేరు పెట్టుకుంటాం. కాని ఆ తల్లి ఏ జబ్బుతో చనిపోయారని అడిగితే మా నర్సీపట్నంలో జ్ఞానోపదేశం నేర్చుకునే పిల్లలే కాదు, వాళ్ల తల్లిదండ్రులూ తెల్లమొహం వేస్తారు. ఆమె క్షయతో చనిపోయారు. మనం గొంతు తగ్గించి చెప్పుకునే టి.బి. అదే. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు.

రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకుని ఇళ్లకు వెళ్లినప్పుడు ఆ మాట నా చెవిన పడటం తక్కువ. పాత దగ్గు ఫాదర్ అంటారు, నెమ్ము చేసింది అంటారు. మాత్రల అట్ట మాత్రం దిండు కింద ఉంటుంది. గ్లాసు వేరు, కంచం వేరు. ఆ ఇంట్లో పెళ్లికెదిగిన అమ్మాయి ఉంటే ఇక జబ్బు పేరు గడప దాటదు. అందుకే ఈ వారం తెరేజమ్మగారి జీవితాన్ని ఆ జబ్బు వైపునుంచి చెప్పాలనిపించింది.

ఆమె 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో పుట్టారు. తండ్రి లూయి మార్టిన్ గడియారాల పనివాడు. తల్లి జెలీ లేసు వ్యాపారం చేసేది, మన నర్సాపురం వైపు అల్లే లేసులాంటిదే. నాలుగేళ్ల వయసులో తల్లి రొమ్ము క్యాన్సరుతో పోయింది. తండ్రి ఐదుగురు కూతుళ్లను తీసుకుని లిసియు పట్టణం చేరాడు. అక్కడి కార్మెల్ మఠంలో 1888 ఏప్రిల్ 9న, 15 ఏళ్ల వయసులో, తెరేజమ్మగారు చేరారు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తండ్రికి మతి చలించింది. కాన్ నగరంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో మూడేళ్లకు పైగా ఉంచవలసి వచ్చింది. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. చిన్న కూతురు కూడా వదిలి వెళ్లిపోబట్టే ఆయనకు ఈ గతి పట్టిందన్నారు. ఆ మాటలు మఠం గోడలు దాటి ఆమె దాకా వచ్చాయి. జబ్బుతో పాటు ఇంటిమీద పడే నింద ఎలా ఉంటుందో ఆమెకు 16 ఏళ్లకే తెలిసింది. ఆ తండ్రిని, తల్లిని కూడా శ్రీసభ 2015 అక్టోబరు 18న పునీతులుగా ప్రకటించింది.

1896 పవిత్ర గురువారం రాత్రి చాలాసేపు గుడిలో జాగారం చేసి, తెరేజమ్మగారు తన గదికి వచ్చి పడుకున్నారు. వెంటనే గొంతులోకి వెచ్చగా ఏదో ఎగదన్నింది. దీపం అప్పటికే ఆర్పేశారు కనుక తెల్లవారేదాకా చూడకుండా ఉండిపోయారు. ఉదయం చూస్తే చేతిరుమాలులో నెత్తురు. మఠాధ్యక్షురాలికి చెప్పారు, కాని ఏ మినహాయింపూ వద్దని బతిమాలుకున్నారు. ఆ పవిత్ర శుక్రవారం అందరితోపాటు కఠినోపవాసం చేసి, కిటికీలు కడిగారు. ఈ ఘట్టాన్ని మా గురువులం ప్రసంగాల్లో ఇష్టంగా చెబుతాం. నేనూ చెప్పాను. వయసు పెరిగేకొద్దీ ఆ కిటికీల దగ్గర నా మనసు ఆగిపోతోంది. ఆమె దాన్ని ప్రియుడైన ప్రభువు పిలుపుగా తీసుకున్నారు, నిజమే. కాని నెత్తురు కక్కిన మనిషిని పనికి వెళ్లనిచ్చిన ఆ ఉదయాన్ని మన బిడ్డలకు ఆదర్శంగా చూపించలేను.

రోగ కారణం అప్పటికి తెలియనిది కాదు. క్షయ ఒక సూక్ష్మజీవివల్ల వస్తుందని రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న బెర్లినులో ప్రకటించాడు. అయినా మంచి కుటుంబాల్లో ఆ పేరు చెప్పేవారు కాదు. అది వంశంలో వచ్చే మచ్చ అని, ఆ ఇంటి పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయని భయం. 1897 జూలైలో ఆమె మళ్లీ నెత్తురు కక్కుకుని మంచం పట్టాక కూడా మఠం వైద్యుడు ఇది క్షయ కాదు, ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందన్నాడు. ఆగస్టు 17న బంధువైన మరో వైద్యుడు, డాక్టర్ లా నీల్, పరీక్షించి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కుడి ఊపిరితిత్తి పూర్తిగా పోయింది, ఎడమదానిలో మూడోవంతు పాడైంది. చనిపోవడానికి 44 రోజుల ముందు ఆ జబ్బుకు పేరు వచ్చింది.

అప్పటి వైద్యం వీపుమీద వాతలు పెట్టడం, పాలు తాగించడం. నొప్పికి మార్ఫిన్ సూదిమందు వేయనివ్వలేదు. ఆగస్టు 19 తరువాత దివ్యసత్ప్రసాదం కూడా మింగలేకపోయారు. పరలోకం అనేదే లేదేమోనన్న చీకటి ఏడాదికి పైగా మనసును కమ్మి ఉంది. విశ్వాసం లేకపోతే ఈ బాధకు ప్రాణం తీసుకునేదాన్నని అక్కతో చెప్పారు. ఇలాంటి రోగుల దగ్గర విషపు మందులు ఉంచవద్దని హెచ్చరించారు. పునీతురాలు అలా అన్నారంటే కొందరికి కష్టంగా ఉంటుంది. ఆ మాట దాచిపెట్టని అక్కకు నేను రుణపడి ఉన్నాను. మంచంలో ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నవాళ్ల దగ్గర కూర్చోవడానికి నాకు అది పనికొచ్చింది.

1897 సెప్టెంబరు 30 సాయంత్రం ఆమె చనిపోయారు. అదే మఠంలో ఉన్న మేనమామ కూతురు, సిస్టర్ మరియ, 1905 ఏప్రిల్ 14న ఇదే జబ్బుతో పోయింది. తెరేజమ్మగారినుంచే సోకిందని చెప్పలేం. కాని పేరు చెప్పని చోట జాగ్రత్త ఎవరు తీసుకుంటారు?

మన ప్రాంతంలో ఈ జబ్బును ముందుగా పేరు పెట్టి పిలిచి చోటిచ్చింది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం. మిషనరీ సంఘాలు కలిసి 1915లో తెరిచాయి. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. మంచి గాలి, విశ్రాంతి, తిండి తప్ప అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో, ఐసోనియాజిడ్ 1952లో వచ్చాయి. 1956లో మద్రాసులో 193 మంది రోగులతో ఒక పరిశీలన మొదలైంది. కొందరిని శానిటోరియంలో ఉంచారు. మిగిలినవారికి వాళ్ల ఇరుకిళ్లలోనే మందులిచ్చారు. ఐదేళ్లు చూసినా, రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల ఆ కుటుంబాలకు జబ్బు ఎక్కువగా సోకలేదు. మందు సరిగా పడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. ఇది గాలిద్వారా, దగ్గుద్వారా వచ్చేది. గ్లాసులు, కంచాలు వేరుచేసి ప్రయోజనం లేదు. మామూలు టి.బి.కి ఆరు నెలల మందు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లె పరీక్ష, మాత్రలు ఉచితం. పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరునుంచి 1,000 చేశారు. ఆ డబ్బు కోసం పేరు రాయించుకోవాలి. అక్కడే మనవాళ్లు వెనకడుగు వేస్తున్నారు.

మన ఇళ్లలోని పటాలలో తెరేజమ్మగారి ముఖంలో జబ్బు కనిపించదు. అక్క సెలీన్ చిత్రకారిణి. చెల్లి ముఖాన్ని అందంగా దిద్దింది. ఆమే 1897 ఆగస్టు 30న తీసిన ఫోటో ఒకటి ఉంది. చక్రాల మంచంమీద పడుకోబెట్టి మఠం వసారాలోకి తెచ్చినప్పుడు తీశారు. చిక్కిపోయిన ముఖం. సన్నబడిన వేళ్లతో సిలువమీద గులాబీ రేకులు రాలుస్తున్నారు. రోగుల ఇళ్లకు వెళ్లేటప్పుడు ఆ ఫోటో ప్రతి ఒకటి నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంటున్నాను. ఈమె ఎవరని అడుగుతారు. మీ గోడమీద ఉన్న అమ్మే అని చెబుతాను.