రామాయణం అచ్చేసిన ప్రెస్‌లోనే పిల్లల పత్రిక: జాన్ క్లార్క్ మార్ష్‌మన్ కథ

మన ఇళ్లల్లో అమ్మానాన్నలు చందమామ చదువుతూ పెరిగారు. ఆ చందమామ మొదలైంది 1947లో. దానికి 129 ఏళ్ల ముందే చదువుకునే పిల్లల కోసం బెంగాలీలో ఒక మాసపత్రిక వచ్చింది. అదీ ఒక క్రైస్తవ మిషన్ ప్రెస్ నుంచి!

దాన్ని నడిపిన జాన్ క్లార్క్ మార్ష్‌మన్ 1794లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఐదేళ్ల వయసులో మిషనరీలైన అమ్మ హన్నా, నాన్న జాషువాలతో ఓడెక్కి బెంగాల్ చేరాడు. ఈస్టిండియా కంపెనీ అప్పట్లో మిషనరీలను తన ఇలాకాలో ఉండనిచ్చేది కాదు. అందుకని హుగ్లీ ఒడ్డున డేనిష్‌వాళ్ల చేతిలో ఉన్న శ్రీరాంపూర్‌లో దిగారు. (పేరు చూశారా, రాముడి ఊరే!) అక్కడి ప్రెస్‌లో బైబిల్‌తో పాటు కృత్తివాసుడి బెంగాలీ రామాయణం కూడా అచ్చయింది. జాషువా అయితే విలియం కేరీతో కలిసి వాల్మీకి రామాయణాన్ని ఇంగ్లీషులోకి అనువదించే పని పెట్టుకున్నాడు. మన జాన్ పెరిగింది ఈ వాతావరణంలో.

1818 ఏప్రిల్‌లో, 23 ఏళ్ల వయసులో, ఆయన దిగ్దర్శన్ తెచ్చాడు. అందులో ఏముండేదో తెలుసా? అమెరికాను ఎలా కనుక్కున్నారు, బెలూన్‌లో మనిషి ఎలా ఎగిరాడు, ఆవిరి పడవ సంగతేంటి, ఇవీ విషయాలు. మత ప్రచారం దాదాపు లేదు. కంపెనీకి కోపం వస్తుందన్న జాగ్రత్త కూడా ఉందనుకోండి. కారణం ఏదైనా, కలకత్తా స్కూల్ బుక్ సొసైటీ బళ్ల కోసం ఆ ప్రతులు కొన్నది. పిల్లాడికి ముందు ప్రపంచాన్ని చూపించడం నాకైతే మంచి పనే అనిపిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అదే ఏడాది మే నెలలో ఆయన పెద్దల కోసం సమాచార్ దర్పణ్ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. దాని బెంగాలీ రాతలో ఎక్కువ భాగం జయగోపాల్ తర్కాలంకార్ లాంటి పండితుల చలవే. 1821లో అందులో మన శాస్త్రాలను విమర్శిస్తూ ఒక ఉత్తరం పడింది. రామ్మోహన్ రాయ్ జవాబు పంపితే, దాన్ని ఉన్నదున్నట్టు వేయడానికి పత్రిక ఒప్పుకోలేదు. ప్రెస్ చేతిలో ఉన్నవాడిదే మాట అన్నట్టు! రాయ్ ఊరుకున్నాడా? శివప్రసాద్ శర్మ పేరుతో బ్రాహ్మణ సేవధి అని సొంత పత్రికే పెట్టి, వేదాంతం తరఫున బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ జవాబిచ్చాడు.

మార్ష్‌మన్ మాత్రం చదువుల పని వదల్లేదు. శ్రీరాంపూర్ కాలేజీకి సొంత డబ్బు పెట్టాడు. ఆయన రాసిన భారతదేశ చరిత్రను మన బళ్లలో చాలాకాలం పాఠంగా చెప్పారు. 1850ల్లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లి, 1877లో లండన్‌లో కన్నుమూశాడు. దిగ్దర్శన్ అంతకు చాలా ఏళ్ల క్రితమే ఆగిపోయింది.