జాయప సేనాని

సామర్లకోటలో కుమారారామ భీమేశ్వరాలయమును నిర్మించిన చాళుక్యభీముడు 892 మొదలు ముప్పదియేండ్లు వేంగీరాజ్యము నేలెను. సంగీతవిద్యలో ఆరితేరిన చల్లవ యను గణికకు అతడు అత్తిలిలో భూమి నొసగినట్లు తామ్రశాసనము తెలుపుచున్నది. పిమ్మటి కాలపు ద్రాక్షారామ శాసనములలో భీమేశ్వరుని కొలిచిన సానులు మున్నూటివారుగా పేర్కొనబడిరి. ఇట్లు గోదావరీతీరమున ఆడిపాడిన వారి పేర్లును, వారికి లభించిన మాన్యములును శాసనములలో నిలిచినవి. కాని పసిపిల్లచేత తొలి యడుగు వేయించిన గురువు ఏ క్రమమున నేర్పవలెనో దానశాసనము చెప్పదు. ఆ క్రమమును గ్రంథస్థము చేసిన ఆంధ్రుడు పండితకులమున గాక యుద్ధవీరుల యింట జన్మించెను. అతడే జాయప సేనాని.

కృష్ణానది సముద్రమున గలియు దివిసీమ అతని జన్మభూమి. తండ్రి పిన్నచోడుడు, వంశము అయ్యవంశము. పదమూడవ శతాబ్ది తొలినాళ్లలో కాకతీయ గణపతిదేవుడు వెలనాటిని జయించి, దివిసీమను గూడ వశపఱచుకొనెను. అయినను ఓడిన వంశమును అతడు రూపుమాపలేదు. పిన్నచోడుని కుమార్తెలగు నారాంబను, పేరాంబను పరిణయమాడి, వారి సోదరుడగు జాయపుని తన కొలువునకు గైకొనెను. జయించినవాని కొలువులో ఓడినవారి బిడ్డ ద్వేషముతో కుమిలిపోవచ్చును. లేదా వట్టి సేవకుడై మిగిలిపోవచ్చును. ఈ బాలుని ఆ రెండు గతుల నుండియు తప్పించినది విద్య. గణపతిదేవుడు అతనియందలి బుద్ధికుశలతను గుర్తించి గుండామాత్యుని కడ శిష్యునిగా నుంచెను. శస్త్రముతోబాటు శాస్త్రమును, అందును నృత్తగీతవాద్యముల మర్మమును జాయపుడు ఆ గురువు సన్నిధిని గ్రహించెను.

పెరిగి పెద్దవాడై అతడు గజసాహిణి పదవి నొందెను. అనగా కాకతీయుల ఏనుగుల దళమునకు అధిపతి యయ్యెను. తామ్రపురి యని ప్రసిద్ధి గాంచిన చేబ్రోలు అతని పాలనకు వచ్చినది. అచట తండ్రి పేర చోడభీమేశ్వరాలయమును గట్టించి, నాట్యము చేయు స్త్రీలకు రెండు వరుసలుగా మేడయిండ్లు నిర్మించి యిచ్చెను. 1231లో తన దివిసీమయందు గణపేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. ఒక గుడి కన్నతండ్రి పేరిటిది. రెండవది ఆ తండ్రి సీమను జయించిన ప్రభువు పేరిటిది. రెండు ఋణములను మఱువని హృదయము అతనిది.

వార్ధక్యము సమీపించుచుండగా, 1253-54లో జాయపుడు నృత్తరత్నావళిని సంస్కృతమున రచించెను. అందు ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగింట భరతముని చూపిన మార్గపద్ధతి వివరింపబడినది. ఈ శిక్ష ఆట తోడనే మొదలుకాదు. శిరస్సు, కన్ను, మెడ, చేయి, నడుము, పాదము మున్నగు అంగములు ఒక్కొక్కటిగా సాధింపబడవలెను. పిదప నిలబడు తీరులగు స్థానకములు, అటుపై పాదచలనమగు చారి, ఆ తరువాత చేతిని కాలిని ఏకము చేయు కరణము. కరణములు నూటయెనిమిది, వాని కూర్పుచేత అంగహారము లేర్పడును. వీనియన్నింటికిని ఆధారము సౌష్ఠవము, అనగా ఱొమ్ము నిక్కించి, అంగములను సమముగా నిలిపి, చలింపక యుండుట. కదలికకు ముందు నిలకడ యను ఈ నియమము యోగాసనమునకును నృత్తమునకును ఒక్కటే. ఒంటికి నూనె మర్దించుకొని, పుష్టికరమైన ఆహారము గైకొని, నేలపై నిత్యము వ్యాయామము చేయవలెనని భరతుడే విధించెను. మెఱుపువంటి ఆటకు వెనుక ఏండ్ల తరబడి సాగిన ఈ మౌనశ్రమ దాగియున్నది.

ఇంతవఱకు భరతుని బాట. జాయపుని ప్రత్యేకత తక్కిన నాలుగధ్యాయములలో కానవచ్చును. అవి దేశినృత్తములకు కేటాయింపబడినవి. ఎగిరి దుముకు ఉత్ప్లుతికరణములు, గిఱ్ఱున తిరుగు భ్రమరులు, గజ్జెల మ్రోతను అడుగుతో అదుపుచేయు పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, కందుకము, చిందు మున్నగునవి అందు లక్షణములతో నిలిచినవి. జనులు వాడలలో, తిరునాళ్లలో ఆడుకొను ఆటలను పండితులు చిన్నచూపు చూచుట క్రొత్తగాదు. కాని ఈ సేనాని మార్గమునకు నాలుగు, దేశికి నాలుగు అధ్యాయము లిచ్చి త్రాసును సమముగా నిలిపెను. వాడలోని చిందునకును పునాది గలదు, దానికిని శిక్ష గలదు అని చాటుటయే అతని ధైర్యము. రణరంగమున చూపిన ధైర్యమునకు ఇది తీసిపోదు.

గీతరత్నావళి, వాద్యరత్నావళి యను మఱి రెండు గ్రంథములను గూడ అతడు రచించెనని ప్రసిద్ధి. అవి మనకు దక్కలేదు. నృత్తరత్నావళి మాత్రము తాళపత్రములలో తలదాచుకొని, డాక్టరు వి. రాఘవన్ పరిష్కరణముతో 1965లో మదరాసున అచ్చయ్యెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెలుగు చేసిరి. దాని ఆధారముననే, రామప్పగుడి శిల్పములను చూచి, నటరాజ రామకృష్ణ పేరిణిని పునరుద్ధరించిరి. ఏడువందల యేండ్లు ఆగిన అడుగు మఱల కదలినది.

కాకతీయ సామ్రాజ్యము 1323లో అస్తమించెను. జాయపుడు నడపిన ఏనుగులు లేవు, అతడు కాపాడిన కోటలు శిథిలములైనవి. నేడు తెలుగునాట ఏ బాలికయైనను గజ్జెకట్టుటకు ముందు మోకాలు వంచి, వెన్ను నిలిపి, తొలి యడుగు అభ్యసించుచున్నయెడల, ఆ సేనాని కాపాడిన సీమ అదియే.