‘సెల్ఫ్’ సృష్టికర్త రైతుబిడ్డ కెట్టరింగ్

తాళంచెవి తిప్పగానే ట్రాక్టరో, లారీయో స్టార్టు కావడం నేడు అందరికీ మామూలు విషయం. హ్యాండిలు వేసి ఆయిల్ ఇంజను తిప్పిన రైతులకు మాత్రం ఆ కష్టం ఏమిటో తెలుసు. కారు నడిపేవారిని ఆ కష్టం నుంచి గట్టెక్కించినవారిలో ముందుగా చెప్పుకోదగినవారు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్.

ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ వద్ద 1876 ఆగస్టు 29న ఒక వ్యవసాయ కుటుంబంలో ఆయన జన్మించారు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. తర్వాత యూనివర్శిటీలో చేరినా కంటి జబ్బు వల్ల చదువు మధ్యలో ఆపవలసి వచ్చింది. ఆ రోజుల్లో టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో పనికి కుదిరి, స్తంభాలు పాతుతూ మేస్త్రీగా ఎదిగారు. తిరిగి చదువు సాగించి 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా సాధించారు.

డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరి, చేత్తో తిప్పే గల్లా యంత్రానికి విద్యుత్ మోటారు అమర్చారు. ఆ యంత్రానికి బలం కావలసింది క్షణకాలమే. కాబట్టి చిన్న మోటారు చేతనే పెద్ద పని చేయించవచ్చునని అక్కడ గ్రహించారు. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్ అనే మిత్రునితో కలిసి డెల్కో సంస్థను స్థాపించారు. డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టమే వారి తొలి కార్ఖానా.

అప్పట్లో కారును ముందు నుంచి హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేవారు. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది, దవడ పగిలేది. ఆడవారికి, వృద్ధులకు అది చేతకాని పని. తనకు తెలిసిన ఒకరు ఆ హ్యాండిలు దెబ్బకే మరణించారని కాడిలాక్ కంపెనీ అధినేత హెన్రీ లేలాండ్ బాధపడి, పరిష్కారం చూడమని కెట్టరింగ్‌ను కోరారని చెబుతారు.

ఇంజనును తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని పలువురు వాదించారు. కెట్టరింగ్ గల్లా యంత్రం అనుభవాన్ని ఇక్కడ వాడారు. ఒకే యంత్రం మొదట మోటారుగా ఇంజనును తిప్పుతుంది. ఇంజను అందుకోగానే అదే డైనమోగా మారి బ్యాటరీని నింపుతుంది. స్టార్టుకు 24 వోల్టులు, ఛార్జింగుకు, దీపాలకు 6 వోల్టులు వాడారు. 1911లో పరీక్షించిన ఈ ఏర్పాటు 1912 మోడల్ కాడిలాక్ కార్లతో బజారుకు వచ్చింది. 1915లో పేటెంటు లభించింది.

డైనమో ఉన్న బళ్లలో మరో చిక్కు ఉంది. ఇంజను నెమ్మదించినప్పుడు బ్యాటరీలోని కరెంటు డైనమోలోకి వెనక్కు పోతుంది. దానిని ఆపేదే కటౌట్. బావి పంపుకు ఫుట్‌వాల్వు ఎలాగో డైనమోకు కటౌట్ అలాగు.

పల్లెలను కూడా కెట్టరింగ్ మరువలేదు. కరెంటు తీగలు చేరని రైతుల ఇళ్ల కోసం చిన్న ఇంజను, డైనమో, బ్యాటరీలతో నడిచే 32 వోల్టుల డెల్కో లైట్ యంత్రాన్ని 1916లో ఆయన సంస్థ విడుదల చేసింది.

తర్వాత జనరల్ మోటార్స్ పరిశోధన విభాగానికి 1947 వరకు ఆయన సారథ్యం వహించారు. అక్కడే 1921లో ఆయన సహచరుడు థామస్ మిడ్జ్‌లీ, పెట్రోలులో సీసం మందు కలిపితే ఇంజను కొట్టుకోకుండా నడుస్తుందని కనుగొన్నారు. 1924లో ఆ మందు తయారీలో కార్మికులు విషమెక్కి చనిపోయారు. అయినా కెట్టరింగ్ దానిని సమర్థించారు. పిల్లల మెదడుకు హాని చేసే ఆ సీసం పెట్రోలును మన దేశం 2000లో మానుకుంది. ప్రపంచంలోని బంకులన్నింటి నుంచి అది తొలగడానికి 2021 వరకు పట్టింది.

1945లో మరో పారిశ్రామికవేత్త స్లోన్‌తో కలిసి ఆయన పేరున న్యూయార్కులో క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1958 నవంబరు 25న, 82వ ఏట, కెట్టరింగ్ కన్నుమూశారు. మేలూ కీడూ రెండూ ఆయన ఖాతాలో ఉన్నా, విరగకుండా మిగిలిన ఎన్నో చేతులు మాత్రం ఆయన చలవే.