పని మార్పే విశ్రాంతి

మిక్కిలి పని గలవారు లోకమున రెండు తెరగులుగా కనబడుదురు. కొందరికి చేయు ఉద్యోగమే ప్రాణము. అది తొలగిన నాడు దిక్కుతోచక కుంగిపోవుదురు. మరికొందరు ఉద్యోగమునకు వెలుపల తమదైన చోటొకటి ఏర్పరచుకొందురు. అలసినపుడు అచటికి పోయి, సేదదీరి, మరల పనికి వత్తురు. పాములపర్తి వేంకట నరసింహారావుగారు ఈ రెండవ తెగకు చెందినవారు.

1921 జూన్ 28న వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో జన్మించిన నరసింహారావుగారు పసితనముననే దత్తత వచ్చి, అప్పటి కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామమున పెరిగిరి. 1938లో వందేమాతర ఉద్యమమున పాల్గొన్నందున నిజాము రాజ్యమున చదువు సాగలేదు. నాగపురమునకు పోవలసి వచ్చెను. మరాఠీవారి నడుమ గడచిన ఆ విద్యార్థి జీవితము వారి సాహిత్యమును ఆయనకు చేరువ చేసెను. నిజాము వ్యతిరేక పోరాటకాలమున ఆదిలాబాదు సరిహద్దు కావలనున్న చాందా శిబిరమున పనిచేసిరి.

1957 నుండి ఇరువది సంవత్సరములు మంథని ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. 1962లో మంత్రియైరి. మంత్రి జీవితమున తీరిక యనునది అరుదు. దస్త్రములు, పర్యటనలు, సభలు, మనవులతో వచ్చువారు: దినమునకు తుది యుండదు. ఆ ఒత్తిడి నడుమనే విశ్వనాథ సత్యనారాయణగారి బృహన్నవల వేయిపడగలను హిందీలోనికి తెచ్చుటకు పూనుకొనిరి. అది సహస్రఫణ్ అను పేర 1968లో వెలువడెను. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను అబలా జీవితము అను పేర తెలుగు చేసినవారును ఆయనయే.

ఇది పనిపై మరియొక పని కాదా యని తోచవచ్చును. కాని తెలుగు పలుకుబడి యొకదానికి తగిన హిందీ మాటను వెదకుచున్న మనస్సున దస్త్రమునకు గాని, వివాదమునకు గాని చోటుండదు. ఊరక కూర్చున్నవానిని చింతలు వదలవు. ఇష్టమైన పనిలో మునిగినవానిని అవి కొంతసేపైనను వదలును. ఆయన విశ్రాంతి ఇట్టిది.

దాని విలువ పదవి పోయిన నాడు తెలిసెను. 1971లో ముఖ్యమంత్రియై భూసంస్కరణలకు పూనుకొన్న ఆయన 1973 జనవరిలో ఆ పదవిని వీడవలసి వచ్చెను. అధికారము పోయినను పుస్తకములు పోలేదు. తరువాత ఢిల్లీలో విదేశాంగము, రక్షణ, మానవ వనరులు మున్నగు శాఖలను నిర్వహించిరి. నవోదయ విద్యాలయములు ఆరంభమైనది ఆయన విద్యాశాఖను చూచుచున్న కాలముననే. అరువదియైదేండ్ల ప్రాయమున కంప్యూటరు ముందు కూర్చుండి, విద్యార్థివలె దాని భాషలను నేర్చిరి.

మనస్సునకు పని మార్పు చాలును గాని దేహమునకు చాలదు. 1990లో అమెరికాలోని హ్యూస్టను నగరమున ఆయన హృదయమునకు శస్త్రచికిత్స జరిగెను. మరునాటి యేడు ఎన్నికలలో నిలువలేదు; పుస్తకములను కట్టి హైదరాబాదునకు పంపు ఏర్పాటులో నుండిరి. ఇంతలో మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగెను. జూన్ 21న, డెబ్బదవ జన్మదినమునకు వారము ముందుగా, ఆయన ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి. విశ్రమింపబోయిన వానిపై దేశభారము పడెను. ఖజానాలో విదేశీ మారకద్రవ్యము అడుగంటిన సమయమది. హృద్రోగ నిపుణులు డాక్టర్ కె. శ్రీనాథరెడ్డిగారు ఆరోగ్యమును కనిపెట్టి చూచుచుండగా, ఆర్థిక సంస్కరణలు, 1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగిన కూల్చివేత, దానిపై తీవ్ర విమర్శలు: వీని నడుమ అయిదేండ్లు పూర్తిగా పాలించిరి.

1996లో అధికారము ముగిసినది. న్యాయస్థానములలో వ్యాజ్యములు మొదలైనవి. సన్నిహితులు పలువురు దూరమైరి. ఒకదానిలో 2000లో క్రింది న్యాయస్థానము దోషిగా నిర్ణయింపగా, 2002లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము నిర్దోషిగా తీర్పు చెప్పెను. ఇట్టి దినములలో పెక్కుమంది మంచము పట్టుదురు. ఆయన మాత్రము వ్రాతబల్లను ఆశ్రయించిరి. 1998లో ఆంగ్లమున ది ఇన్‌సైడర్ అను నవల వెలువడెను. తెలుగున అది లోపలిమనిషి. అయోధ్య ఉదంతముపై వ్రాసిన గ్రంథము మాత్రము 2004 డిసెంబరు 23న ఆయన కన్నుమూసిన పిదప, 2006లో అచ్చైనది. 2024లో భారతరత్న బిరుదము ప్రకటింపబడెను.

దినమంతయు నిలుచుండి పాఠము చెప్పు ఉపాధ్యాయునికి, పుస్తకముపై వంగి కూర్చుండు విద్యార్థికి ఈ జీవితమున రెండు సంగతులు కలవు. దేహము హెచ్చరింపక మునుపే దానికి కొంత నడక, కొంత నిద్ర ఈయవలెను. మనస్సునకు మాత్రము, పరీక్షలకు గాని జీతమునకు గాని సంబంధింపని ప్రియమైన పని యొకటి చిన్ననాటనే అలవరచుకొనవలెను. కష్టకాలమున తోడు నిలుచునది అదియే.