అద్దం ముందు బాలుడు — ఆల్బ్రెక్ట్ డ్యూరర్

జర్మనీ దేశమందలి న్యూరెంబర్గ్ నగరంలో 1471వ సంవత్సరం మే 21వ తేదీన ఆల్బ్రెక్ట్ డ్యూరర్ జన్మించాడు. తండ్రి హంగరీ నుండి వలస వచ్చిన స్వర్ణకారుడు. తల్లి పేరు బార్బరా. ఆ దంపతులకు 18 మంది సంతానం కలిగినా, పెరిగి పెద్దవారైనది కొద్దిమందే. కొంత చదువు కాగానే తండ్రి ఈ కుమారుని తన దుకాణంలో పనికి కూర్చుండబెట్టాడు.

1484లో, 13 ఏండ్ల ప్రాయంలో, ఆ బాలుడు అద్దంలో చూచుకొని తన రూపాన్ని తానే గీసుకొన్నాడు. చిత్రకళ నేర్చుకొనే పేదవానికి తన ముఖంకన్న ఓపికగల నమూనా దొరకదు; పిలువనక్కర లేదు, కూలి ఇవ్వనక్కర లేదు. కాని అతడు పట్టిన సాధనం సులువైనది కాదు. ఎముకల భస్మం వంటి పొడిని జిగురుతో కలిపి కాగితానికి పూసి, ఆరిన పిమ్మట దానిపై సన్నని వెండి ములుకుతో గీయాలి. గీత మొదట బూడిద వన్నెతో ఉండి, క్రమంగా గోధుమ వన్నెకు తిరుగుతుంది. ఎంత ఒత్తినా నలుపు రాదు. నీడ కావలెనంటే గీతల ప్రక్కన గీతలు పేర్చవలసిందే. అన్నిటికన్న కష్టం, ఒకసారి పడిన గీతను చెరపడం దాదాపు అసాధ్యం. లోహంతో పనిచేసే ఇంట పెరిగిన చేయి గనుకనే ఇంతటి సాహసం చేసిందనిపిస్తుంది.

చిత్రంలో నిండైన బుగ్గలు, జారిన జుట్టు, తలపై కుల్లాయి, వదులైన అంగీ కనిపిస్తాయి. చూపు మనవైపు లేదు, ప్రక్కకు పోయింది. ఒక చేతి వ్రేలు దేనినో చూపుతున్నది. రెండవ చేయి అంగీలో దాగింది. కదులుతున్న చేతిని చూచి గీయడం పెద్దలకే కష్టం గనుక బాలుడు యుక్తిగా తప్పుకొన్నాడని నా ఊహ.

తండ్రి వృత్తిని విడిచి చిత్రకారుడనవుతానని కుమారుడు చెప్పినప్పుడు, నేర్పిన కాలమంతా వృథా అయినదని తండ్రి నొచ్చుకొన్నాడు. అయినా అడ్డుపడలేదు. 1486 నవంబరు 30న మైకేల్ వోల్గెముట్ అనే చిత్రకారుని వద్ద మూడేండ్లకు శిష్యునిగా ఒప్పగించాడు. శిష్యరికం ముగిసిన తరువాత, 1490లో, డ్యూరర్ తండ్రి చిత్తరువును వర్ణాలతో రచించాడు.

1493, 1498, 1500 సంవత్సరాలలో మరల తన రూపాన్నే చిత్రించుకొన్నాడు. 1514లో మరణానికి చేరువైన తల్లిని బొగ్గుతో గీశాడు. ముడుతలు, పొడుచుకు వచ్చిన ఎముకలు దేనినీ దాచలేదు. మరుసటి ఏడు మాత్రం కంట చూడని దానిని గీశాడు. గుజరాత్ సుల్తాన్ రెండవ ముజఫ్ఫర్ షా కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం లిస్బన్ చేరిందని విని, ఇతరుల వర్ణనను, నమూనాను నమ్మి దాని బొమ్మ వేశాడు. అందులో లేని కొమ్మొకటి మెడపై మొలిచింది!

1528 ఏప్రిల్ 6న డ్యూరర్ న్యూరెంబర్గ్‌లోనే కన్నుమూశాడు. బాల్యంలో గీసిన ఆ కాగితాన్ని అతడు పారవేయలేదు. పెద్దవాడైన పిమ్మట, 1484లో తాను పిల్లవానిగా ఉన్నప్పుడు అద్దంలో చూచి గీసుకొన్నదని దాని పైభాగాన తన చేతితోనే వ్రాసి ఉంచాడు. నేడది వియన్నాలోని ఆల్బర్టీనా సంగ్రహాలయంలో ఉన్నది.