అమ్వాస్ ప్లేగు - హజ్రత్ అబూ ఉబైదా (రజి)

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు శ్రీరాంపూర్, గోదావరిఖని మొదలుకొని తెలంగాణ అంతటా ఇమాం, మౌజన్ వంటి కొద్దిమంది తప్ప ఎవరూ జమాత్‌కు వెళ్లలేకపోయారు. ఆ ఏడాది రంజాన్ తరావీహ్‌ను, మే 25న ఈద్ నమాజును మనం ఇళ్లలోనే చేసుకున్నాం. చావు పుట్టుకలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని నమ్మే మనం రోగానికి వెరచి మసీదుకు దూరంగా ఉండవచ్చునా అనే ప్రశ్న అప్పుడు మన మనసుల్ని కలచివేసింది. దాదాపు 1400 ఏళ్ల క్రితం ఇలాంటి ప్రశ్ననే సూటిగా అడిగిన మహనీయుడు హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి).

ఆయన అసలు పేరు ఆమిర్. ఖురైష్ వంశీయులు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ద్వారా తొలినాళ్లలోనే ఇస్లాం స్వీకరించారు. ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) చెంపలో గుచ్చుకున్న శిరస్త్రాణపు కడియాలను పళ్లతో పట్టి లాగి, తన ముందు పళ్లు పోగొట్టుకున్నారు. ఈ సమాజపు విశ్వసనీయునిగా ప్రవక్త (స) ప్రశంస పొందారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో సిరియా సేనలకు అధిపతి అయినా, ఆయన ఇంట కత్తి, డాలు, ఒంటె జీను తప్ప చెప్పుకోదగ్గ సామానే ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే పాలస్తీనాలోని అమ్వాస్‌లో ప్లేగు పుట్టి సిరియా అంతటా పాకింది. సిరియాకు బయలుదేరిన ఖలీఫా ఉమర్ (రజి)కు సర్గ్ అనే చోట ఈ వార్త తెలిసింది. సహచరులను సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవం రాసిన విధి నుంచి పారిపోతారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధి నుంచి మరలినా చేరేది దైవవిధిలోకేనని ఖలీఫా సమాధానపరిచారు. పచ్చిక ఉన్న వైపు ఒంటెలను తోలినా, ఎండిన వైపు తోలినా రెండూ దైవనిర్ణయాలేనని ఉపమానం చెప్పారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్లరాదనీ, మనమున్న ఊళ్లో ప్లేగు వస్తే పారిపోరాదనీ ప్రవక్త (స) చేసిన బోధను వినిపించారు. ఖలీఫా మదీనాకు మరలిపోయారు.

ఆ తర్వాత ఏదో పని ఉందంటూ ఉమర్ (రజి) ఆయనను మదీనాకు రమ్మని లేఖ రాశారు. తన ప్రాణం కాపాడటానికే ఈ పిలుపని అబూ ఉబైదా (రజి) గ్రహించారు. సైనికులను విడిచి రాలేనని మన్నింపు కోరారు. ఆ జవాబు చదివి ఖలీఫా కంటతడి పెట్టారు. హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో అబూ ఉబైదా (రజి) ఆ వ్యాధితోనే కన్నుమూశారు. ఆయన స్థానంలో వచ్చిన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)నూ ప్లేగు బలిగొంది. తర్వాత హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండల మీదికి చెదరగొట్టాక వ్యాధి తగ్గుముఖం పట్టిందని చరిత్రకారులు రాశారు.

వెనుదిరిగిన ఖలీఫాది పిరికితనం కాదు, ఉండిపోయిన సేనానిది మొండితనం కాదు. బయటివారు లోపలికి పోలేదు, లోపలివారు బయటికి రాలేదు. ఇద్దరూ పాటించింది ఒకే ప్రవక్త (స) బోధను. ప్లేగుతో మరణించే విశ్వాసికి షహీద్ స్థానం ఉందని కూడా ఆ ప్రవక్తే (స) తెలిపారు. కాబట్టి రోగిని దైవాగ్రహానికి గురైనవాడని వెలివేసే హక్కు మనకు లేదు. తలకు టోపీ, టోపీకి దీపం పెట్టుకుని గనిలోకి దిగే సింగరేణి కార్మికుణ్ణి తవక్కుల్ లేనివాడని ఎవరూ అనరు. అంటువ్యాధి వేళ జాగ్రత్త కూడా అంతే.