తవుడు విలువను తెలిపిన వైద్యుడు: క్రిస్టియాన్ ఐక్‌మన్

కడుపునిండ అన్నం తినేవానికి ఆహారలోపం ఉండదని లోకం చాలకాలం నమ్మినది. ఆ నమ్మకం పొరపాటని, రెండుపూటల భుజించేవాడు కూడ పోషకలోపం చేతనే మరణించవచ్చునని వెల్లడి కావడానికి దారి తీసినవారిలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ ముఖ్యుడు. ఆయన పరిశోధించినది మనకు నిత్యాహారమైన వరిబియ్యాన్నే. కనుక ఆయన చరిత్ర మన విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

ఐక్‌మన్ 1858 ఆగస్టు 11వ తేదీన హాలెండు దేశంలోని నైకెర్క్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ప్రధానోపాధ్యాయుడు; ఆయన సంతానంలో ఇతడు ఏడవవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సైనిక వైద్యవిద్య అభ్యసించి, 1883లో డాక్టరు పట్టం పొంది, సైనిక వైద్యుడుగా తూర్పు ఇండియా దీవులకు, అనగా నేటి ఇండొనీషియాకు, వెళ్ళాడు. అక్కడ మలేరియా సోకినందున రెండేళ్ళకే స్వదేశం చేరవలసి వచ్చినది. కోలుకున్న పిమ్మట బెర్లిను నగరానికి వెళ్ళి, క్షయక్రిమిని కనుగొన్న రాబర్ట్ కాక్ వద్ద సూక్ష్మజీవి శాస్త్రం నేర్చుకున్నాడు. 1886లో భార్య మరణించినది. ఆ సంవత్సరమే ఆయన తిరిగి జావా ద్వీపానికి ప్రయాణమయ్యాడు.

ఆ రోజులలో జావాలోని సైనికులను, ఖైదీలను బెరిబెరి అనే వ్యాధి పట్టి పీడిస్తూ ఉండేది. మొదట కాళ్ళు బరువెక్కి తిమ్మిరి పట్టును. క్రమంగా నడక తప్పును. కొందరికి ఒళ్ళంతా నీరుపట్టి, గుండె బలహీనమై, ప్రాణం పోవును. ప్రతి వ్యాధికీ ఒక క్రిమి కారణమై ఉండునని వైద్యలోకం ఆశించిన కాలమది. బెరిబెరి క్రిమిని పట్టుకొనడానికే డచ్చి ప్రభుత్వం పెకెల్‌హారింగ్, వింక్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులను పంపినది. వారికి సహాయకుడుగా ఐక్‌మన్ వెళ్ళాడు. 1887లో వారు మరలిపోగా, 1888లో ఐక్‌మన్ బటావియాలోని, అనగా నేటి జకార్తాలోని, పరిశోధనశాలకు అధ్యక్షుడైనాడు.

ప్రయోగాల నిమిత్తం అక్కడ కోళ్ళను పెంచేవారు. కొంతకాలానికి వాటికొక వింతజబ్బు పుట్టినది. కాళ్ళు తడబడి, నిలువలేక, కూలబడేవి. ఆ లక్షణాలు బెరిబెరిని పోలి ఉన్నవి. ఐక్‌మన్ వాటిలో క్రిమికై వెదికాడు, దొరకలేదు. రోగమున్న కోళ్ళను, ఆరోగ్యమైన కోళ్ళను వేరుచేసి చూచాడు. రెండు గుంపులలోనూ జబ్బు కనిపించినది. ఇంతలో, మందేదీ ఇవ్వకుండానే, కోళ్ళు వాటంతట అవే కోలుకున్నవి.

కారణం వంటశాలలో తేలినది. పరిశోధనశాల నౌకరు మేత ఖర్చు తగ్గించుటకు, సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం తెచ్చి కోళ్ళకు వేస్తూ వచ్చాడు. తరువాత వచ్చిన కొత్త వంటవాడు, సైన్యపు అన్నాన్ని సైన్యానికి చెందని కోళ్ళకు ఇవ్వనన్నాడు. తిరిగి పొట్టుతో కూడిన ముడిబియ్యం వేయగానే జబ్బు మాయమైనది. ఈ చిన్న సంగతిని ఐక్‌మన్ తేలికగా త్రోసిపుచ్చలేదు. బుద్ధిపూర్వకంగా మరమరలా మెరిసే పాలిషు బియ్యం పెట్టి జబ్బు కలిగించాడు. తవుడు చేర్చి కుదిర్చాడు.

కోళ్ళ విషయంలో నిజమైనది మనుష్యుల విషయంలో నిజమగునా? ఆయన కోరికపై వోర్డర్‌మన్ అనే ఆరోగ్యాధికారి జావాలోని 101 చెరసాలలలో సుమారు 2,80,000 మంది ఖైదీల ఆహారాన్ని పరిశీలించాడు. తెల్లబియ్యం తినే ఖైదీలలో ఇంచుమించు 39 మందికి ఒకరు బెరిబెరి పాలైనారు. పైపొర పోని బియ్యం తినేవారిలో ఆ సంఖ్య సుమారు 10,000 మందికి ఒకరు.

ఐతే తన ఫలితానికి ఐక్‌మన్ చెప్పిన కారణం సరియైనది కాదు. అన్నపు పిండిలో ఒక విషమున్నదని, తవుడు దానికి విరుగుడని ఆయన తలచాడు. అనారోగ్యం వలన 1896లో ఆయన స్వదేశానికి వెళ్ళగా, ఆయన పనిని కొనసాగించిన గెరిట్ గ్రీన్స్ 1901లో అసలు సంగతి చెప్పాడు: బియ్యంలో విషమేమీ లేదు, బియ్యపు పైపొరలో ఉన్న ఒక ఆవశ్యక పదార్థం లోపించుటే జబ్బుకు కారణం. 1912లో కాసిమిర్ ఫంక్ అటువంటి పదార్థాలకు విటమినులని పేరు పెట్టాడు. 1926లో యాన్సెన్, డోనాత్ అనువారు బటావియాలోనే తవుడు నుండి ఆ పదార్థాన్ని స్ఫటికరూపంలో వేరుచేశారు. అదే బి-1 విటమిను, అనగా థయమిను.

ఇక్కడ ఆహారశాస్త్రపు మొదటి పాఠమున్నది. పిండిపదార్థాలు, క్రొవ్వులు శరీరానికి ముఖ్యంగా శక్తినిచ్చును. మాంసకృత్తులు దేహాన్ని నిర్మించును. ఖనిజ లవణాలు, విటమినులు కొద్దిపాటి పరిమాణంలోనే కావలెను గాని, అవి లేనిదే తక్కినవి సరిగా వినియోగపడవు. పెద్దవారికి రోజుకు కావలసిన థయమిను ఒక మిల్లీగ్రాముకు కొంచెం ఎక్కువ మాత్రమే. అది లేకున్న, తిన్న పిండిపదార్థం శక్తిగా మారు మార్గం కుంటుపడును. అందువలన నరములు, గుండె ముందుగా దెబ్బతినును.

బెరిబెరి తెలుగుదేశానికి కూడ పరిచితమైన వ్యాధియే. ఉత్తర సర్కారులలో అది ప్రబలి ఉన్న కాలంలో, 1835లోనే, మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో దానిని గూర్చి గ్రంథం ప్రకటించాడు. ఉప్పుడు బియ్యం వాడిన ప్రాంతాలలో ఆ వ్యాధి తక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించునపుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి చేరి, మరపట్టినా కొంత నిలుచును. నేడు బెరిబెరి అరుదైనది. కాని బియ్యాన్ని పదేపదే కడిగి, గంజి వార్చినప్పుడు విటమిను నీటితో పోవుననుట నేటికీ నిజమే. తవుడు, కడుగునీళ్ళు, గంజి కుడితిగోలెం చేరగా, గృహస్థుకంటె అతని పశువు ఎక్కువ విటమిను పొందినది! దంపుడు బియ్యం, పప్పులు, వేరుసెనగ ఆ కొరతను తీర్చగలవు.

1898 నుండి ఐక్‌మన్ ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యశాస్త్రాచార్యుడుగా పనిచేశాడు. 1929లో ఆయనకు, ఆంగ్లేయుడైన హాప్‌కిన్స్‌కు కలిపి నోబెల్ బహుమానం లభించినది. సరియైన కారణం చెప్పిన గ్రీన్స్‌కు అందులో భాగం దక్కలేదు. 1930 నవంబరు 5వ తేదీన ఉట్రెక్ట్‌లో ఐక్‌మన్ మరణించాడు. ఆయన వెదకబోయినది క్రిమిని. కనుగొన్నది తవుడు విలువను. వెదికినది దొరకనప్పుడు కంటికి కనబడినదానిని కాదనక, కోళ్ళమేత వరకు విచారించిన ఆ ఓర్పు విద్యార్థులు ఆయన నుండి నేర్చుకోదగినది.